ఉలిక్కిపడని ముల్లు

గ్యాసు కోసం నేలలో బావి తొలిచే ఆ రిగ్గు మీద డ్రిల్లరుకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది. ఇంతకుముందు తొలిచిన బావి దగ్గర అది ఊడిపోయి, దాని చోట 'మూతన్న' అనే కొత్త పేరు అతుక్కుంది. పేర్లు పెట్టడంలో రిగ్గు జనాన్ని మించినవాళ్ళు లేరు. పెట్టేటప్పుడు ఎవర్నీ అడగరు, మానుకోమంటే ఎవరూ వినరు.

జరిగిందిది. బావిలోంచి పైపులు లాగుతుండగా టాంకులో మడ్డు పెరుగుతున్నట్టు కనిపించింది. మడ్డంటే పొలంగట్టు బురద కాదు. మట్టి, నీళ్ళు, బరువు పొడి కలిపి చిక్కగా చేసే ద్రవం. బావి నిండా అది నిలబడి ఉన్నంతసేపూ ఆ బరువు కింద గ్యాసు నోరు మూసుకుని పడుంటుంది. టాంకులో ఉన్నట్టుండి మడ్డు పెరిగిందంటే, లోపల్నుంచి గ్యాసు దాన్ని పైకి తోస్తోందని అర్థం. ఆ గ్యాసు బయటపడితే తర్వాత కావలసింది ఒక్క నిప్పురవ్వ. అందుకని అతను మరో ఆలోచన లేకుండా బావి నోటికి బిగించి, పైపు చుట్టూ బిగుసుకుని బావిని మూసే పెద్ద ఉక్కు యంత్రాన్ని, రిగ్గు మీద అందరూ మూత అనే దాన్ని, టక్కున మూసేశాడు. తీరా చూస్తే గ్యాసూ లేదు, గీసూ లేదు. పక్క టాంకు వాల్వు అరిగిపోయి అందులోని మడ్డు ఇటు కారుతోంది. ఈలోగా కదలకుండా ఆగిన పైపులు బావిలో ఇరుక్కున్నాయి. వాటిని విడిపించేసరికి అందరి నడుములూ పడిపోయాయి.

ఆ మర్నాటి నుంచి మెస్సులో అతని టీ గ్లాసు మీద స్టీలు మూత పెట్టి ఇవ్వడం మొదలైంది. "గ్యాసు పోతుందేమో అన్నా!" అని ఒకడనేవాడు, బెంచీ బెంచీ అంతా పగలబడి నవ్వేది. డ్రిల్లరు కూడా నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారని అతనికి తెలుసు. గదికి వెళ్ళాక మాత్రం అవమానంతో చాలాసేపు నిద్రపట్టేది కాదు.

నవ్వనివాడు ఒక్కడే, రిగ్గు పెద్ద. ఆయన్ని వెనకాల అందరూ 'గడియారం సార్' అంటారు. మనిషి చెడ్డవాడు కాదు. ఒకప్పుడు పైపుల్ని లాగి ఆపే ఇదే బ్రేకు దగ్గర నిలబడి ఎదిగినవాడే. కానీ పని ఆగితే ఆయనకి ఊపిరి ఆగినట్టుండేది. ఆ గొడవ సద్దుమణిగాక డ్రిల్లర్ని పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు. "ఒకసారి పొరపాటు అందరికీ అవుతుంది. ఇంకోసారి ఉత్తి పుణ్యానికి మూత వేశావంటే బ్రేకు దగ్గర నీకు చోటుండదు. పంపుల షెడ్డులో కూర్చుని నూనె పోసుకుందువుగాని." ఆయన అరిచి ఉంటే బాగుండేదనుకున్నాడు డ్రిల్లరు. అరుపు మర్చిపోవచ్చు, మెల్లగా చెప్పిన మాట మర్చిపోవడం కష్టం.

ఇదంతా ఒక ఎత్తు, బామ్మర్ది ఒక ఎత్తు.

బామ్మర్దిని ఈ పనిలోకి తెచ్చింది డ్రిల్లరే. తల్లి పోయాక వాణ్ణి పెంచింది అక్క. కోతికి తమ్ముడిలా గోడలెక్కి తిరిగే కుర్రాడికి రిగ్గు స్తంభం మీదే పని దొరికింది. ఆ స్తంభంలో చాలా ఎత్తున మంకీ బోర్డు అని సన్నటి అరుగొకటి ఉంటుంది. దాని మీద బెల్టు కట్టుకుని నిలబడి, బావిలోంచి పైకొచ్చిన పైపుల తలలు పట్టుకుని వరసగా పక్కకి చేర్చడం వాడి పని. కింద డ్రిల్లరు బ్రేకు మీద చెయ్యి వేసుకుని లాగుతాడు, పైన బామ్మర్ది అందుకుంటాడు. వాడి అరికాళ్ళకి సూటిగా కింద బావి నోరు ఉంటుంది.

రేకుల గదిలో ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు మంచాలు బావా బామ్మర్దులవి. ఒక పొద్దున ఎప్పటిలాగే డ్రిల్లరు భార్య ఫోను చేసింది.

"వాడు తిన్నాడా?"

"నన్నడగవేం? నేను తిన్నానో లేదో అక్కర్లేదా?"

"మీరు తినకుండా ఉంటారని నాకేం బెంగలేదు. చూడండి, వాణ్ణి పైకి పంపేది మీరే, దింపేదీ మీరే. దిగాక వాడిచేత ఒక్క ముక్క చెప్పించండి."

"అక్కా, నేనేం పసిపిల్లాణ్ణా?" అని పై మంచం మీంచి అరిచాడు బామ్మర్ది, చొక్కా తిరగేసి తొడుక్కుంటూ.

"చొక్కా సరిగ్గా వేసుకో ముందు," అంది ఆవిడ, చూసినట్టే.

ఆ పొద్దున పని రెండు ముక్కలు. బావిలో రాతిని తొలిచే బిట్టు అరిగిపోయింది కాబట్టి పైపులన్నీ బయటికి లాగి కొత్త బిట్టు బిగించాలి. దానికి ముందు, మూత పక్కనుంచి వచ్చే గొట్టాల్నీ వాల్వుల్నీ నీటి ఒత్తిడితో పరీక్షించాలి. బావిని మూసినప్పుడు లోపలి ఒత్తిడి ఎంతో చూపించే గేజు ఆ గొట్టాల మీదే ఉంటుంది. పరీక్ష ఒత్తిడికి అది తట్టుకోలేదని, దాని కిందున్న చిన్న వాల్వు మూసి ఉంచుతారు. పరీక్ష అయ్యాక తెరుస్తారు. ఎప్పుడూ చేసే పనే.

పరీక్ష బాగానే అయింది. గొట్టాల్లో మిగిలిన నీళ్ళు వదిలేస్తూ బామ్మర్ది అక్కడ పానా పట్టుకుని కూర్చున్నాడు. ఇటు గడియారం సార్ చేతిగడియారం చూసుకుని, డ్రిల్లరు మొహం చూసి, మళ్ళీ చేతిగడియారం చూసుకున్నాడు. డ్రిల్లరుకి ఒళ్ళు మండింది. పెద్దాయన మీద మండిన ఒళ్ళు చిన్నవాడి మీద చల్లార్చుకోవడం లోకంలో ఉన్నదే.

"ఒరేయ్, అక్కడ కూర్చుని జోల పాడుతున్నావా? పైకెక్కు! నీకోసం బావి ఆగుతుందా?" అని రెయిలింగు మీంచి గావుకేక పెట్టాడు.

"వస్తున్నా బావా!" అని వాడు పానా అక్కడే పడేసి మెట్లకేసి పరిగెత్తాడు.

పైపులు లాగడం మొదలైంది. మధ్యాహ్నానికి పని వేగం అందుకుంది. పెద్దాయన కాసేపటికోసారి డ్రిల్లరు కేబిన్ గాజు తలుపు అవతలనుంచి చెయ్యి తిప్పుతూ 'కానియ్, కానియ్' అంటున్నాడు. అంత వేగం మంచిది కాదని డ్రిల్లరుకి తెలుసు. బిట్టు చుట్టూ జిగురుమట్టి పట్టి ఉంటే, దాన్ని గబగబా లాగడమంటే సిరంజి పిడి లాగినట్టే. కింద రాయిలోని గ్యాసు బావిలోకి చప్పరించుకుని వస్తుంది. అయినా లాగాడు. మూతన్న అనే పేరు మోస్తున్నవాడు 'మెల్లగా లాగుదాం సార్' అని ఏ మొహం పెట్టుకుని అంటాడు?

బయటికొచ్చిన ఇనుము ఎంతో, దాని చోటు నింపడానికి అంత మడ్డు బావిలోకి పోవాలి. అంటే టాంకులో మడ్డు తగ్గుతూ ఉండాలి. తగ్గుతూనే ఉంది. ఇంతలో గోడ మీది స్పీకరు గరగరలాడింది. మడ్డు కలిపే పెద్దమనిషి, అందరూ బురద బాబాయ్ అనేవాడు, సాగదీసి పలికాడు. "మూతన్నా! నీ టాంకు అడుగంటుతోంది, కాస్త మడ్డు వదులుతున్నా. పెరిగిందని మూతెయ్యకు నాయనా, నీకు పుణ్యముంటుంది!"

ఫ్లోరు మీద పనివాళ్ళు నవ్వారు. స్పీకర్లో పైనుంచి బామ్మర్ది నవ్వు కూడా వినిపించింది. టాంకు నిండింది. "అయిపోయింది, కట్టేశా," అన్నాడు బాబాయ్. పని మళ్ళీ సాగింది.

కాసేపటికి డ్రిల్లరు టాంకు కొలత చూశాడు. ఎంత తగ్గాలో అంత తగ్గలేదు. ఇంకొన్ని పైపులు లాగాడు. అసలు తగ్గలేదు. మరికాసేపటికి, తగ్గడం మాట దేవుడెరుగు, వెంట్రుకవాసి పెరిగినట్టుంది.

"బాబాయ్, వాల్వు మూశావా?"

"మూయక నోరు తెరుచుకుని ఉంచుతానా?"

"గట్టిగా?"

"గట్టిగానే మూశా. కానీ ఈ వాల్వుల సంగతి నీకు తెలియందేముంది? మళ్ళీ కారుతోందేమో, చూస్తానుండు."

మళ్ళీ కారుతోందేమో! పోయినసారి సరిగ్గా ఇదే టాంకు, ఇదే వాల్వు, ఇదే పెరుగుదల. నోరు కాలినవాడు మజ్జిగైనా ఊదుకు తాగుతాడంటారు. మరి మజ్జిగ ఊదినందుకు ఊరంతా నవ్వితే? వాడు ఆ తర్వాత కాగే పాలైనా ఊదకుండా తాగుతాడు. డ్రిల్లరు అదే చేశాడు. ఇంకో పైపు లాగాడు. ఆ ఒక్క పైపు లాగినంతసేపూ అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

తర్వాత బ్రేకు నొక్కిపట్టి, బావిలోకి మడ్డు నింపే పంపు కూడా ఆపించాడు. పంపు ఆగాక బావి నిమ్మళంగా ఉండాలి. టాంకు వాల్వు ఎంత కారినా కారేది టాంకులోకే, బావిలోంచి మాత్రం చుక్క రాకూడదు. బావి నోటి నుంచి టాంకుకి వెళ్ళే గొట్టం చివర చూసి రమ్మని ఒక పనివాణ్ణి పంపాడు. వాడు తొంగిచూసి కేకేశాడు.

"వస్తోందన్నా! సన్నగా, చిటికెనవేలంత!"

"ఆగేట్టుందా?"

"ఏమోనన్నా... గొట్టంలో మిగిలింది కారుతోందేమో!"

డ్రిల్లరు కేబిన్లో గోడ మీద ఎర్రటి అక్షరాలతో ఒక రూలు రాసి ఉంటుంది. బావి పొంగుతోందని అనుమానం వస్తే బ్రేకు దగ్గరున్నవాడు ఎవర్నీ అడగకుండా మూత వేయవచ్చు. రూలు గోడకి బాగానే ఉంటుంది. మెస్సులో కూర్చుని నవ్వులు భరించాల్సింది గోడ కాదు. పంపుల షెడ్డు, నూనె డబ్బా, తనకన్నా చిన్నవాడెవడో ఈ బ్రేకు మీద చెయ్యి వేసుకుని నిలబడటం, అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. అతను తలెత్తి చూశాడు. ఎత్తున, అరుగు అంచున, బామ్మర్ది బూట్ల అడుగులు కనిపించాయి. వాడు ఏదో పాట కూనిరాగం తీస్తూ కాలితో తాళం వేస్తున్నాడు.

అంతే. నిలబడి ఉన్న పైపు నోటికి వాల్వు బిగించి మూయించాడు. లీవరు లాగి మూత వేశాడు. సైరను కూసింది.

అందరి కళ్ళూ గేజు మీదికి వెళ్ళాయి. అసలు గేజు కింద గొట్టాల దగ్గరుంటుంది. దాన్నుంచే సన్నటి గొట్టం వచ్చి కేబిన్లో పెద్ద డయలు మీద ముల్లుని కదుపుతుంది. బావిలో గ్యాసు ఉంటే ముల్లు లేవాలి. లేకపోతే సున్నా దగ్గర పడుకోవాలి.

ముల్లు సున్నా దగ్గరుంది.

గడియారం సార్ నోట్లో ముద్ద నమిలేది నమలకుండానే పరిగెత్తుకొచ్చాడు. డయలు చూశాడు, డ్రిల్లర్ని చూశాడు. ఆయన మొహంలో కోపంకన్నా అలసట ఎక్కువుంది.

"ఎంత?"

"సున్నా సార్."

"సున్నా." ఆయన మూతి తుడుచుకున్నాడు. "మళ్ళీనా?"

తలుపు దగ్గర ఇద్దరు పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నేలచూపులు చూశారు. ఈసారి నవ్వు రాలేదు వాళ్ళకి. పాపం అన్నట్టు చూశారు. అది నవ్వుకన్నా ఘోరంగా తగిలింది. స్పీకర్లో బురద బాబాయ్ గొంతు, వేళాకోళం లేకుండా, "వాల్వు కాస్త కారుతున్నట్టే ఉంది సార్," అంది. దాంతో ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది.

పైన బామ్మర్ది సైరను విని బెల్టు విప్పుకుని నిచ్చెన అందుకున్నాడు. పెద్దాయన మైకు నొక్కాడు. "పైనున్నవాడు అక్కడే ఉండు! దిగకు. ఇప్పుడే మళ్ళీ లాగుతున్నాం." వాడు ఒక కాలు నిచ్చెన మీద, ఒక కాలు అరుగు మీద పెట్టి ఆగిపోయాడు.

"మూత తియ్యి," అన్నాడు పెద్దాయన. "ఆలస్యమయ్యేకొద్దీ పైపు ఇరుక్కుంటుంది. పోయినసారి పడ్డ పాట్లు చాలు."

డ్రిల్లరు కదల్లేదు. డయలు కేసే చూస్తున్నాడు. ఏదో తేడాగా ఉంది. ఏమిటో అంతుపట్టడం లేదు. పోయినసారి కూడా అతను ఇలాగే ఆ ముల్లు కేసి చూశాడు. ఆ రోజు చూసినంతగా పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతుర్ని కూడా చూసి ఉండడు. లేవవే తల్లీ, ఒక్కసారి లేవవే అని మొక్కుకుంటూ చూశాడు. ఎన్ని రాత్రులు ఆ ముల్లు కలలోకి వచ్చిందో! మూత పడగానే అది చటుక్కున ఉలిక్కిపడింది, మళ్ళీ సున్నా దగ్గర పడుకుంది. ఆ ఉలికిపాటుకే ఆశపడి భంగపడ్డాడతను. మూత పడినప్పుడు లోపలి మడ్డుకి ఆ పాటి కుదుపు తప్పదు. బావిలో ఏమీ లేకపోయినా ముల్లు ఒకసారి అదరాలి.

"సార్, ముల్లు కదల్లేదు."

"నేను చెబుతున్నదీ అదే!"

"అసలు కదల్లేదు సార్. మూత పడినప్పుడు కూడా. పోయినసారి గ్యాసు లేకపోయినా ఉలిక్కిపడింది."

"నీ మొహం. పక్కకి జరుగు." పెద్దాయన లీవరు మీద చెయ్యి వేశాడు.

డ్రిల్లరు ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి అదిమి పట్టాడు. అంతవరకూ ఆయన ఎదుట గొంతు కూడా పెంచని మనిషి.

"చెయ్యి తియ్యి," అన్నాడు పెద్దాయన.

"తియ్యను సార్. రేపు పంపుల షెడ్డుకి వెళ్తాను. ఇంటికి పొమ్మంటే ఇంటికి పోతాను. ఇప్పుడు మాత్రం తియ్యను. ఆ గేజుకీ బావికీ మధ్య ఏదో మూసుకుని ఉంది."

మూసుకుని ఉంది అన్నాక, ఆ మాట తన చెవిన తనకే పడ్డాక, అతనికి పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. నీళ్ళు వదులుతూ కూర్చున్న బామ్మర్ది. పానా. తన గావుకేక. ఒక చేత్తో లీవరు వదలకుండా రెండో చేత్తో మైకు నొక్కాడు.

"ఒరేయ్, పొద్దున గేజు కింద వాల్వు తెరిచావా?"

స్పీకర్లో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నిన్నేరా! తెరిచావా లేదా?"

"బావా..." వాడి గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "తెరవబోతుంటే నువ్వు పిలిచావు కదా. వచ్చేశాను."

పెద్దాయన తల తిప్పి డయలు కేసి చూశాడు.

"దిగు," అన్నాడు డ్రిల్లరు. "పరిగెత్తకు. మెట్టు మెట్టూ చూసుకుని దిగు." అని, తలుపు దగ్గరున్న పనివాడికేసి తిరిగి, "గేజు దగ్గరికి పో. కింద చిన్న వాల్వుంటుంది. తెరువు!" అన్నాడు.

వాడు రెండేసి మెట్లు దూకుతూ పోయాడు. పానా పొద్దున పడేసిన చోటే ఉంది. కేబిన్లో వాళ్ళకి వాడు వంగడం కనిపించింది. ముల్లు సున్నా దగ్గర అలాగే ఉంది. అలాగే ఉంది. ఆ కాస్తసేపట్లో డ్రిల్లరు మళ్ళీ అన్నీ అనుమానించాడు, బావిని, గేజుని, తన బుర్రని.

ముల్లు ఎగిరింది.

మామూలుగా ఎగరలేదు. డయలు సగం దాటి, కాస్త తూలి, అక్కణ్ణుంచి మెల్లగా ఇంకా పైకి జరుగుతూ పోయింది. తమ కాళ్ళ కింద, ఒక ఉక్కు మూత అవతల, అంత బలం నోరు తెరవడానికి ఎదురుచూస్తూ నిలబడి ఉంది. ఇంతసేపూ వాళ్ళు దాని నెత్తి మీద నిలబడి తగువులాడుకున్నారు.

పెద్దాయన లీవరు మీంచి చెయ్యి తీసుకున్నాడు. ఆ చేతినే కాసేపు చూసుకున్నాడు.

"నేను తీసేసేవాణ్ణి," అన్నాడు. ఎవరితోనూ కాదు. "వాడు పైనుండగా తీసేసేవాణ్ణి."

డ్రిల్లరు నిచ్చెన కేసి చూస్తున్నాడు. బామ్మర్ది కాళ్ళు నేలకి తగిలేదాకా అతను ఇంకెటూ చూడలేదు.

తర్వాతి పని చాలా పొడుగు. పైపుల్ని మూత సందులోంచే మెల్లమెల్లగా మళ్ళీ కిందికి దింపాలి, బరువైన మడ్డు పంపి గ్యాసుని అణచాలి, పైకి వచ్చిన గ్యాసుని దూరంగా గొట్టం చివర మంటపెట్టి కాల్చేయాలి. పెద్దాయన దగ్గరుండి, ఒక్కసారైనా చేతిగడియారం చూసుకోకుండా, అది మొదలుపెట్టించాడు. షిఫ్టు మారాక డ్రిల్లరూ బామ్మర్దీ మెస్సుకి వెళ్ళారు.

లోపల అడుగు పెట్టగానే బురద బాబాయ్ లేచి బెంచీ మీద చోటిచ్చాడు. ఏదో అనబోయి, జోకులు అయిపోయినట్టు నోరు మూసుకున్నాడు. వంటాయన రెండు టీలు తెచ్చి పెట్టాడు. డ్రిల్లరు గ్లాసు మీద మూత లేదు.

"తప్పు నాదే బావా," అన్నాడు బామ్మర్ది, తల దించుకుని. "వాల్వు తెరవకుండా రాకూడదు."

"పిలిచింది నేను. ఆ గొట్టాల దగ్గర పని పూర్తయిందా అని అడగాల్సింది నేను. అడగలేదు." టీ గ్లాసు వాడి ముందుకి జరిపాడు. "మీ అక్కకి ఇద్దరం కలిసే చెబుదాం. తిట్లు కూడా సగం సగం."

వాడు నవ్వబోయాడు, చాతకాలేదు. గ్లాసు ఎత్తితే చెయ్యి వణికి టీ బల్లంతా ఒలికింది. రెండో చెయ్యి సాయం పట్టాడు. ఆ చెయ్యీ వణుకుతోంది. గ్లాసు కింద పెట్టేసి చేతులు ఒళ్ళో దాచుకున్నాడు. మెస్సంతా చూసీ చూడనట్టు ఊరుకుంది.

డ్రిల్లరు వంటాయనకేసి తిరిగాడు.

"నా మూత ఏదయ్యా?"

వంటాయన బిక్కమొహం వేశాడు. "అది... ఇంక వద్దనుకున్నాం అన్నా."

"ఇలా తే."

వంటాయన తెచ్చిచ్చిన స్టీలు మూతని అతను చొక్కా అంచుకి తుడిచి, బామ్మర్ది గ్లాసు మీద పెట్టాడు.

"వేడి పోదులే. చేతులు నిలిచాక తాగు," అన్నాడు. అని, వాడి చేతులు నిలిచేదాకా తన టీ ముట్టకుండా పక్కనే కూర్చున్నాడు.